తాబేలును ఎత్తే ముందు కింద కూర్చోండి

పెంపుడు తాబేలుకు మన చేతుల్లో జరిగే ప్రమాదం దాదాపు ఎప్పుడూ ఒకే తీరులో జరుగుతుంది. మనిషి నిలబడి ఉంటాడు. చేతిలో తాబేలు తల లోపలికి లాక్కుని రాయిలా ఉంటుంది. ఉన్నట్టుండి నాలుగు కాళ్ళూ బయటికి చాపి, నీళ్ళలో ఈదినట్టే గాలిలో కొట్టుకోవడం మొదలుపెడుతుంది. వెనక కాలి గోళ్ళు వేళ్ళ మీద గీరుకుపోతాయి, అదే క్షణంలో ఉచ్చ పోస్తుంది, మనకు తెలియకుండానే పట్టు జారుతుంది. నాలుగడుగుల కింద గ్రానైట్ నేల, పాత ఇళ్ళలోనైతే షాబాద్ బండ. చిప్ప ఎంత గట్టిగా కనిపించినా ఆ ఎత్తు నుంచి పడితే పగులుతుంది. కరుస్తుందేమో, గీరుతుందేమో అని మనం భయపడతాం గానీ, దాని ప్రాణం మీదికి తెచ్చేది ఈ పడిపోవడమే.

అందుకే పట్టు సంగతి తర్వాత, ముందు కింద కూర్చోండి. చాప వేసుకుని, మడిచిన మందపాటి తువ్వాలు ఒళ్ళో పరుచుకోండి. తాబేలు నేలకు ఒక అడుగు ఎత్తు దాటకుండా ఉంటే, చెయ్యి జారినా పడేది తువ్వాలు మీదే. ఇది ఒక్కటి అలవాటైతే కింద చెప్పే మిగతా తప్పుల్లో సగం జరిగినా పెద్ద నష్టం ఉండదు.

ఏ తాబేలు గురించి ఈ మాటలు

నగరంలో అక్వేరియం షాపుల్లో అమ్మేది రెడ్ ఇయర్డ్ స్లైడర్. కంటి వెనక ఎర్రటి చార ఉంటుంది. దీని సొంత చోటు అమెరికాలోని మిసిసిపీ నదీ పరీవాహక ప్రాంతం. కొనేటప్పుడు పది రూపాయల బిళ్ళ కన్నా కాస్త పెద్దగా ఉంటుంది. సరిగ్గా పెంచితే ఆడది 25 నుంచి 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, మగది 20 దగ్గర ఆగుతుంది. 20, 30 ఏళ్ళు బతుకుతుంది. ఆ బిళ్ళను పట్టుకున్న పద్ధతిలో రెండు కిలోల తాబేలును పట్టుకోలేం కాబట్టి, ఏ సైజుకు ఏ పట్టు అన్నది విడిగా చెప్పాలి.

నక్షత్ర తాబేలు సంగతి వేరు. ఇంట్లో ఉంటే కలిసొస్తుందని దాన్ని దొంగచాటుగా కొనేవాళ్ళున్నారు. శ్రీకూర్మం గుడిలో కనిపిస్తాయి కదా, ఇంట్లో ఉంటే తప్పేముంది అనుకుంటారు. తప్పే, నేరం కూడా. నక్షత్ర తాబేలు, మన చెరువుల్లో ఉండే మెత్తచిప్ప తాబేలు రెండూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. పట్టడం, కొనడం, ఇంట్లో ఉంచుకోవడం ఏదీ కుదరదు. ఇప్పటికే మీ దగ్గరికి చేరి ఉంటే అటవీ శాఖకు అప్పగించండి. కలిసిరావాలంటే ఇత్తడి తాబేలును నీళ్ళ పళ్ళెంలో పెట్టుకోవచ్చు.

చేతికి తెలియాల్సిన శరీరం

తాబేలు చిప్ప లోపల దాక్కునే జీవి అనుకుంటే పట్టు తప్పుతుంది. చిప్ప దాని ఒళ్ళే. వెన్నెముక, పక్కటెముకలు పైచిప్పలో కలిసిపోయి ఉంటాయి. పైన కనిపించే పలకలు మన గోళ్ళలాంటి పదార్థం, వాటి కింద బతికున్న ఎముక, నరాలు, రక్తం. చిప్ప మీద వేలితో మెల్లగా గీస్తే కొన్ని తాబేళ్ళు వెనక భాగాన్ని అటూ ఇటూ ఊపుతాయి. స్పర్శ తెలుస్తుందన్నమాట. కాబట్టి చిప్ప మీద కొట్టి చూడటం, పెయింటు వెయ్యడం, పూజ పేరుతో బొట్లు పెట్టడం, నూనె రాయడం అన్నీ మానాలి.

రెండో సంగతి ఊపిరి. మనకున్నట్టు ఊపిరితిత్తులకూ పేగులకూ మధ్య డయాఫ్రం అనే కండరపు అడ్డుతెర ఉండదు. ఊపిరితిత్తులు పైచిప్పకు ఆనుకుని ఉంటాయి, మిగతా అవయవాలు వాటి కింద. వెల్లకిలా తిప్పితే ఆ బరువంతా ఊపిరితిత్తుల మీద పడుతుంది. కడుపులో గుడ్లున్న ఆడ తాబేలుకు ఇది ఇంకా ప్రమాదం. పక్క నుంచి వేళ్ళతో కాళ్ళ సందుల్లో నొక్కి పట్టినా అదే ఇబ్బంది, ఎందుకంటే ఊపిరి తీసేటప్పుడు అది కాళ్ళ దగ్గరి కండరాలను కూడా వాడుకుంటుంది.

మూడోది తోక. అది వెన్నెముక చివర. తోక పట్టుకుని వేలాడదీస్తే ఒళ్ళంతటి బరువూ ఆ చిన్న ఎముకల మీద పడుతుంది. కాలు పట్టి లాగడం కూడా ఇంతే. తాబేలు సోఫా కిందో బీరువా వెనకో దూరినప్పుడు ఈ పని ఎక్కువగా చేస్తుంటారు. సోఫా జరపండి, లేదా గట్టి అట్టముక్కను దాని పొట్ట కిందికి తోసి అట్టతో సహా బయటికి లాగండి. దాని గోళ్ళు కార్పెట్‌కు పట్టుకున్నప్పుడు బలవంతంగా పైకి లేపితే గోరు ఊడొస్తుంది. ముందు కాస్త ముందుకు జరిపి గోళ్ళు విడిపించాకే లేపాలి.

ముందు చేతులు, తర్వాత తాబేలు

పట్టుకున్న తర్వాత చేతులు కడుక్కోవాలని అందరికీ తెలుసు. ముందు కూడా కడగాలి. చికెనో చేపో రొయ్యలో ముట్టుకున్న వేలు దాని ముక్కుకు తిండే. పగబట్టి కరవదు, తిండి అనుకుని అందుకుంటుంది. ఓడోమాస్, శానిటైజర్, సన్‌స్క్రీన్ లాంటివి నీళ్ళలో కలిసి దాని కళ్ళలోకి, నోట్లోకి వెళ్తాయి. మామూలు సబ్బుతో కడిగి, సబ్బు పూర్తిగా పోయేదాకా నీళ్ళు పోసుకోండి. ఉంగరాలు, రాళ్ళ గాజులు తీసెయ్యండి. గ్లవ్స్ వేసుకోవాలనుకుంటే పలుచటివి చాలు. మందపాటి తోలు గ్లవ్స్‌తో ఎంత నొక్కుతున్నామో చేతికి తెలియదు, అందుకే అవి వద్దు.

గది కూడా చూసుకోండి. 26 డిగ్రీల నీళ్ళలో ఉన్నదాన్ని తడి ఒంటితో 20 డిగ్రీల ఏసీ గదిలోకి, ఫ్యాను గాలి కిందికి తేవద్దు. ఏసీ, ఫ్యాను ఆపి 10 నిమిషాలయ్యాక తీయండి. డిసెంబరు, జనవరిలో హైదరాబాదు రాత్రులు 15 డిగ్రీల కిందికి దిగుతుంటాయి. ఆ రోజుల్లో పనేదైనా మధ్యాహ్నం పూట పెట్టుకోవడం మేలు. కుక్క, పిల్లి ఉంటే తలుపు వెయ్యండి.

తొట్టికీ మీరు కూర్చునే చోటుకూ మధ్య నడవాల్సి వస్తే చేతుల్లో మోసుకెళ్ళకండి. రెండంగుళాల నీళ్ళున్న ప్లాస్టిక్ టబ్బును తొట్టి పక్కన ఆనించి పెట్టి, తాబేలును అందులోకి దించి, టబ్బు మోసుకెళ్ళండి. చేపల వల వాడకండి, గోళ్ళు దారాల్లో ఇరుక్కుంటాయి.

నీళ్ళలోంచి తీయడం

పై నుంచి గబుక్కున చెయ్యి దించితే అది గద్ద నీడే. అడుక్కి పరుగెత్తి మూలకు దూరుతుంది. తాబేలు నెమ్మదిదని మనకు పేరే గానీ, నీళ్ళలో స్లైడర్ వేగాన్ని చేతితో వెంటాడి గెలవలేం. వెంటాడినకొద్దీ మన చెయ్యంటే భయం పాతుకుపోతుంది. పక్క నుంచి, దాని కంటికి కనిపించేలా చెయ్యి నీళ్ళలో పెట్టి, ఒక ఐదారు సెకన్లు కదపకుండా ఉంచండి. అది అటూ ఇటూ తిరిగి ఎక్కడో ఒక చోట ఆగుతుంది.

అప్పుడు కింద చెయ్యి ముందు వెళ్ళాలి. అరచెయ్యి పైకి చూస్తూ పొట్ట కిందికి జారనివ్వండి. దాని అడుగు చిప్ప మీ అరచేతికి తగలగానే కాళ్ళ కొట్టుకోవడం తగ్గుతుంది. ఇది గమనించి చూడండి, తేడా వెంటనే తెలుస్తుంది. కాళ్ళ కింద ఏదో ఆధారం ఉందని తెలిసిన తాబేలు వేరు, గాలిలో వేలాడే తాబేలు వేరు. తర్వాత రెండో చెయ్యి పైచిప్ప మీద, వెనక సగంలో. ముందు భాగంలో పెడితే మెడ చాచి అందుకోగలదు.

ఇప్పుడు ఒళ్ళు అడ్డంగా, పళ్ళెం మోసినట్టు సమంగా ఉంచి లేపండి. తల కిందికి వాలకూడదు, పక్కకు ఒరగకూడదు. నీళ్ళ మీద రెండు మూడు సెకన్లు ఆగితే చిప్ప అంచుల్లోని నీరు కారిపోతుంది. ఈ కాసేపట్లోనే అది ఉచ్చ పోస్తే పోస్తుంది, తొట్టిలోనే పోతుంది, మీ ఒళ్ళో కాదు. చిప్ప మీద పాచి ఉంటే సబ్బు బిళ్ళలా జారుతుంది. అలాంటప్పుడు పైచేతి కింద ఒక పలుచటి కాటన్ గుడ్డ పెట్టుకుంటే పట్టు నిలుస్తుంది. బుస్సుమన్న శబ్దం వస్తే చెయ్యి వదిలెయ్యకండి. తల గబుక్కున లోపలికి లాక్కున్నప్పుడు ఊపిరితిత్తుల్లోని గాలి బయటికొచ్చే చప్పుడు అది.

పిల్ల తాబేలైతే, అంటే 5 సెంటీమీటర్ల లోపుది, బొటనవేలు పైచిప్ప మీద, చూపుడు, మధ్య వేళ్ళు అడుగు చిప్ప కింద పెట్టి బిస్కెట్ పట్టుకున్నంత తేలిగ్గా పట్టుకోవాలి. రెండో అరచెయ్యి దొప్పలా కింద ఉండాలి. ఈ వయసులో చిప్ప ఇంకా గట్టిపడదు, నొక్కితే వంగుతుంది. కాబట్టి చెయ్యి బిగుసుకోకుండా చూసుకోండి.

10 నుంచి 15 సెంటీమీటర్ల దాన్ని రెండు చేతులతో పక్కల నుంచి పట్టుకుంటాం. ముందు కాలికీ వెనక కాలికీ మధ్య పైచిప్ప, అడుగు చిప్ప కలిసే గట్టి భాగం ఉంటుంది, పట్టు అక్కడే. బొటనవేళ్ళు పైన, మిగతా నాలుగు వేళ్ళు కింద చదునుగా. వేళ్ళ చివర్లు కాళ్ళ గుంటల్లోకి పోతే రెండు నష్టాలు. దానికి నొప్పి, మీకు వెనక కాలి గోళ్ళు. మగ స్లైడర్ ముందు కాళ్ళ గోళ్ళు పొడవుగా ఉంటాయి గానీ, చేతుల మీద గాట్లు పెట్టేది బలమైన వెనక కాళ్ళు.

అంతకన్నా పెద్ద ఆడ తాబేలుకు వేళ్ళ పట్టు చాలదు. ఒక చెయ్యి మోచేతి దాకా దాని పొట్ట కింద పెట్టి, ముంజేతి మీద పడుకోబెట్టినట్టు మోయాలి. రెండో చెయ్యి పైన. తల మీ ఒంటికి దూరంగా, బయటి వైపు చూడాలి. కరిచే అలవాటున్నదాన్నీ ఇలాగే, కాకపోతే పైచెయ్యి ఇంకా వెనక్కి, వెనక కాళ్ళకు పైనున్న అంచు దగ్గర పెట్టాలి. కొట్టుకోవడం ఆగకపోతే పోటీ పడొద్దు. ఒళ్ళోని తువ్వాలు మీద దించి, ఇంకో తువ్వాలు తల మీద కప్పండి. చీకటి పడితే చాలావరకు సర్దుకుంటుంది.

తిరిగి దించేటప్పుడు నీళ్ళ పైనుంచి వదిలెయ్యడం పెద్ద పొరపాటు. లోతు తక్కువున్న తొట్టిలో అడుగున ఉన్న రాళ్ళకు చిప్ప కొట్టుకుంటుంది. చేతులు నీళ్ళలోకి దించి, దాని నాలుగు కాళ్ళూ తడిసి, అది తనంతట తను అరచేతిలోంచి ఈదుకుంటూ పోయేదాకా ఆగండి.

చేతిలో ఉన్నప్పుడు చూడాల్సినవి

తాబేలుకు మన చేతుల్లో ఉండటం సరదా కాదు. నిమరితే ఇష్టపడే కుక్కపిల్లతో దీన్ని పోల్చుకోవద్దు. ఎత్తడానికి ఒక పని ఉండాలి: తొట్టి కడగడం, బరువు చూడటం, ఒంటి పరీక్ష, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళడం. వారానికి ఒకసారి, 5 నిమిషాలు. రోజూ వీడియో కోసం తీయడం దాన్ని భయపెట్టడమే. తిండి మానేసే తాబేళ్ళలో కొన్నిటికి రోగం ఏమీ ఉండదు, ఇంట్లో వాళ్ళు రోజుకు నాలుగుసార్లు ఎత్తడమే కారణం. వేసవి సెలవుల్లో పిల్లల స్నేహితులు వచ్చినప్పుడు, పండక్కి చుట్టాలు వచ్చినప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఆ 5 నిమిషాల్లో ముందు కళ్ళు చూడండి. రెండూ తెరుచుకుని, తేటగా ఉండాలి. రెప్పలు ఉబ్బి మూసుకుపోతే విటమిన్ ఎ లోపం గానీ, మురికి నీళ్ళు గానీ కారణం అయ్యుండొచ్చు. ముక్కులోంచి బుడగలు రావడం, నోరు తెరిచి ఊపిరి తీయడం, నీళ్ళలో ఒక పక్కకు ఒరిగి ఈదడం ఊపిరితిత్తుల జబ్బుకు గుర్తులు. వాటికి ఇంటి వైద్యం లేదు.

చిప్పను వేలితో తడిమి, వాసన చూడండి. వాసన చూడటం వింతగా అనిపిస్తుంది గానీ, కంటి కన్నా ముందు ముక్కే పట్టేస్తుంది. మంచి చిప్పకు చెరువు మట్టి వాసన తప్ప ఇంకేం ఉండదు. కుళ్ళు వాసన, మెత్తబడిన మచ్చ, గోరు దిగే గుంట ఉంటే చిప్ప పుచ్చుతోందన్నమాట. బోరు నీళ్ళు పోసే ఇళ్ళలో పైచిప్ప మీద తెల్లగా, గరుగ్గా పొర కడుతుంది. బకెట్లకు, కుళాయిలకు పట్టే సున్నమే అది. తడిపితే కనబడదు, ఆరగానే మళ్ళీ తెల్లబడుతుంది, గోరు దిగదు, వాసన ఉండదు. దాన్ని కత్తితోనో పీచుతోనో గీకకండి, మెత్తటి టూత్ బ్రష్‌తో మెల్లగా రుద్దితే చాలు. ఉల్లిపొరలా పలుచగా, పారదర్శకంగా ఊడొచ్చే పలకలు పెరుగుదలలో భాగం. సగం ఊడి వేలాడుతున్నా మీరు పీకకండి, కింద పచ్చి పొర ఉంటుంది.

అడుగు చిప్ప చూడాలని వెల్లకిలా తిప్పేస్తుంటారు. అక్కర్లేదు. అడుగు పారదర్శకంగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, డబ్బాను పైకి లేపి కింద నుంచి ఇంకొకరు ఫోనుతో ఫొటో తీస్తే స్పష్టంగా కనిపిస్తుంది. అదే ఫొటో డాక్టర్‌కూ పనికొస్తుంది. ఒకవేళ తిప్పక తప్పకపోతే, ముక్కు పైకి వచ్చేలా నెమ్మదిగా ఒంచి, చూసి, కొన్ని సెకన్లలో మామూలుగా దించాలి.

బరువుకు చిన్న డిజిటల్ త్రాసు చాలు, వంటింటిది మాత్రం వద్దు. ఖాళీ డబ్బా పెట్టి సున్నా చేసి, అందులో తాబేలును దించండి. పిల్ల తాబేళ్ళకు వారానికి, పెద్దవాటికి నెలకు ఒకసారి రాసిపెట్టుకోండి. ఆ కాగితం మీది అంకెలు తగ్గుతూ పోతే, తాబేలు తింటున్నట్టే కనిపించినా చూపించాలి.

కరిస్తే

స్లైడర్‌కు పళ్ళుండవు, పక్షి ముక్కులా గట్టి అంచున్న నోరు ఉంటుంది. పెద్దదైతే చర్మం తెగుతుంది. కరిచినప్పుడు చెయ్యి లాక్కోవడమే మన ఒంటి సహజం, అదే తప్పు. చర్మం చీరుకుపోతుంది, తాబేలు గాలిలోకి ఎగిరి పడుతుంది. ఉడుము పట్టు పట్టినా సరే, చెయ్యితో సహా దాన్ని నీళ్ళలోకి దించి కదలకుండా ఉండండి. తప్పించుకునే దారి కనిపించగానే వదిలేస్తుంది. నోరు తెరవడానికి స్పూను, స్క్రూడ్రైవర్ దూర్చకండి, దవడ విరుగుతుంది.

గాయాన్ని ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో 5 నిమిషాలు కడగండి. తాబేలు కాటుతో రేబిస్ రాదు, అది క్షీరదాల జబ్బు. కానీ లోతైన గాటైతే టీటీ ఇంజెక్షన్ గురించి డాక్టర్‌ను అడగాలి. ఎరుపు, వాపు, చీము పెరుగుతుంటే ఆగకండి.

పడిపోతే

వెంటనే నీళ్ళలో వెయ్యకండి. ఈ తప్పు అందరూ చేస్తారు, నీళ్ళలో జీవి కాబట్టి నీళ్ళలోనే కోలుకుంటుందని. చిప్ప పగిలి ఉంటే ఆ పగులు గుండా తొట్టి నీళ్ళు నేరుగా లోపలికి పోతాయి. పొడి తువ్వాలు మీద పెట్టి చూడండి. సన్నటి గీత, పలక కదలడం, రక్తం, ముక్కులోంచో నోట్లోంచో ఎర్రటి నురగ ఏది కనిపించినా అత్యవసరమే. రక్తం కారుతుంటే శుభ్రమైన పలుచటి కట్టు గుడ్డతో 5 నిమిషాలు మెల్లగా అదిమి పట్టండి. బీటాడిన్‌ను లేత టీ రంగు వచ్చేదాకా నీళ్ళలో కలిపి పగులు మీద అద్ది, గుడ్డ కప్పి, డబ్బాలో పెట్టి బయలుదేరండి. పసుపు, కాఫీ పొడి, ఫెవిక్విక్, ఎం సీల్ వద్దు. జిగురు పెట్టి మూసేస్తే లోపలి మురికి లోపలే ఉండి చీము పడుతుంది, డాక్టర్ మళ్ళీ దాన్ని పగలగొట్టాల్సి వస్తుంది.

పైకి ఏమీ కనిపించకపోయినా రెండు రోజులు కనిపెట్టి ఉండండి. వెనక కాళ్ళు ఈడ్చడం, ఒరిగి ఈదడం, తిండి ముట్టకపోవడం లోపలి దెబ్బకు గుర్తులు.

కుక్కలు, పిల్లులు చూసే ప్రతి క్లినిక్‌లో తాబేలును చూడరు. ముందే ఫోన్ చేసి, సరీసృపాలను చూస్తారా అని అడిగి పెట్టుకోవాలి. హైదరాబాదు రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఉంది, అక్కడ అడిగినా దారి చూపిస్తారు. ఈ పని ఆపద వచ్చాక చేస్తే ఆలస్యమవుతుంది, ఈ రోజే చేసి నంబరు ఫోనులో పెట్టుకోండి.

తీసుకెళ్ళడానికి మూతకు గాలి చిల్లులున్న ప్లాస్టిక్ డబ్బా, అడుగున తడి తువ్వాలు చాలు. నీళ్ళు పోయకండి, బండి కుదుపులకు అది నీళ్ళతో పాటు గోడలకు కొట్టుకుంటుంది. దెబ్బ తగిలినదైతే తువ్వాలు కూడా పొడిగానే ఉండాలి. ఆటోలో డబ్బా ఒళ్ళో పెట్టుకోండి. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం 9 లోపు బయలుదేరండి, ఆపి ఉంచిన కారులో రెండు నిమిషాలకని కూడా వదలకండి. తాబేలు తన ఒంటి వేడిని తను తగ్గించుకోలేదు. డాబా మీద ఎండకు పెట్టేవాళ్ళకూ ఇదే మాట. పొద్దున 7 నుంచి 9 మధ్య, టబ్బులో సగం నీడ ఉండేలా, మీరు పక్కనే ఉండి. కాకులు, కోతులు, పిల్లులు ఒక్క నిమిషంలో పని కానిచ్చేస్తాయి. కిటికీ అద్దం వెనక ఎండ మాత్రం లెక్కలోకి రాదు, దానికి కావలసిన యూవీబీ (ఎండలోని ఒక రకం అతినీలలోహిత) కిరణాలను అద్దం ఆపేస్తుంది.

సబ్బు, పిల్లలు

ఆరోగ్యంగా ఉన్న తాబేలు పేగుల్లో కూడా సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండొచ్చు. చిప్ప మీద, నీళ్ళలో, తొట్టి గోడల మీద అంతటా ఉంటుంది. చూస్తే తెలియదు, ఎంత కడిగినా పూర్తిగా పోదు. అమెరికాలో 4 అంగుళాల కన్నా చిన్న చిప్పున్న తాబేళ్ళ అమ్మకాన్ని 1975లో నిషేధించింది ఇందుకే. చిన్న తాబేలును చిన్న పిల్లలు నోట్లో పెట్టుకునేవాళ్ళు.

కాబట్టి 5 ఏళ్ళ లోపు పిల్లలు ముట్టుకోకూడదు, చూడటమే. గర్భిణులు, ముసలివాళ్ళు, కీమోథెరపీ లాంటి చికిత్సలో ఉన్నవాళ్ళు కూడా ఆ పని ఇంకొకరికి అప్పగించాలి. పెద్ద పిల్లలైతే నేల మీద కూర్చోబెట్టి, ఒళ్ళో తువ్వాలు వేసి, తాబేలును మీరే పట్టుకుని, వాళ్ళను రెండు వేళ్ళతో చిప్ప వెనక భాగం ముట్టుకోనివ్వండి. ముద్దు పెట్టుకోవడం, బుగ్గకు ఆనించుకోవడం వద్దు.

తర్వాత సబ్బుతో కనీసం 20 సెకన్లు, గోళ్ళ సందులు, మణికట్టు దాకా. శానిటైజర్ మురికి చేతుల మీద సరిగా పనిచేయదు, సబ్బు లేనప్పుడే అది. తొట్టి, టబ్బు, ఫిల్టర్ వంటింటి సింకులో కడగకూడదు. బకెట్, మగ్గు, బ్రష్, తువ్వాలు విడిగా ఉండాలి, మగ్గు మీద గుర్తు పెట్టుకుంటే పనిమనిషి పొరపాటున వేరేచోట వాడదు. ఆ నీళ్ళు టాయిలెట్‌లో పోయండి. ఇంట్లో ఎవరికైనా జ్వరం, విరేచనాలు, కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి వస్తే, ఇంట్లో తాబేలు ఉందని డాక్టర్‌కు చెప్పండి. తాకిన 6 గంటల నుంచి 6 రోజుల లోపు ఎప్పుడైనా మొదలవ్వొచ్చు.

పెరిగిపోయిందనో, వాసన వస్తోందనో స్లైడర్‌ను దుర్గం చెరువులోనో ఊరి చెరువులోనో వదలకండి. ఇక్కడి తాబేళ్ళ తిండినీ ఎండకాచుకునే చోట్లనూ లాక్కుంటుంది, జబ్బులు అంటిస్తుంది. ప్రపంచంలో ఎక్కువ నష్టం చేసే 100 ఆక్రమణ జాతుల జాబితాలో ఇదీ ఉంది. పెంచలేకపోతే, పెంచగలిగిన ఇంటికి ఇవ్వండి.

వానాకాలంలో రోడ్డు మీద కనిపించేది

చెరువుల పక్క కాలనీల్లో జోరు వానల తర్వాత తాబేలు రోడ్డు దాటుతూ కనిపిస్తే అది స్లైడర్ కాకపోవచ్చు. చిప్ప తోలులా మెత్తగా, ముక్కు చిన్న గొట్టంలా ఉంటే మన మెత్తచిప్ప తాబేలే. దీనికి పైన చెప్పిన పక్క పట్టు పనికిరాదు. మెడ చాలా పొడవు, పక్కలకు తిప్పి చేతిని అందుకుంటుంది, కాటు కూడా గట్టిది. వెనక నుంచి తువ్వాలో గోనెసంచో పూర్తిగా కప్పి, బకెట్‌ను దాని ముందు పడుకోబెట్టి, వెనక నుంచి మెల్లగా లోపలికి తోయండి. వాహనాలు ఆగాయో లేదో ముందు చూసుకోండి. అది ఏ వైపు వెళ్తోందో ఆ వైపు రోడ్డు దాటించి, నీళ్ళ అంచున బకెట్ వంచి, వెనక్కి నాలుగడుగులు వేసి నిలబడండి. తల బయటికి పెట్టి, చుట్టూ చూసి, తనే దిగిపోతుంది.